ఎర్రమిట్ట మనిషి కాని జ్ఞానప్రకాశం

పటాలంలో ఉన్నన్నాళ్లూ జ్ఞానప్రకాశం చేసింది వంట. తుపాకి పట్టడం అందరితోపాటు అతనికీ నేర్పారు, నేర్చుకున్నాడు. అంతే. మనిషి మీద గురిపెట్టిన రోజు ఒక్కటి లేదు. రొట్టెలు కాల్చాడు, పప్పు ఉడకేశాడు, పెన్షన్ తీసుకుని సింహాద్రిపురం పక్కనున్న సొంత ఊరికి వచ్చేశాడు. మాజీ సైనికుడు కాబట్టి లైసెన్సు దొరికింది. ఒంటిగొట్టం తుపాకి ఒకటి కొన్నాడు. దాంతో శనగచేలో పడే అడవిపందుల్ని అదరగొట్టడం తప్ప వేరే ఘనకార్యమేదీ చేయలేదు.

ప్రొద్దుటూరులో సుబ్బరత్నయ్య శెట్టి తన బంగారు అంగడికి తుపాకి ఉన్న కాపలా మనిషిని వెతుకుతున్నాడని విని వెళ్లాడు. నాటుబాంబులు కూరగాయల సంచుల్లో తిరుగుతున్న రోజులవి. ఎన్నికలొస్తున్నాయంటే అంగళ్ల తలుపులు సగమే తెరుచుకునేవి. కడప నుంచి ఒక సెక్యూరిటీ కంపెనీ పంపిన కుర్రాడు కూడా ఆ రోజు వచ్చాడు. కొత్త తుపాకి, ఇస్త్రీ బట్టలు. శెట్టి వాణ్ని కన్నెత్తి చూడలేదు.

"యా ఊరప్పా నీది?" అని జ్ఞానప్రకాశాన్ని అడిగాడు.

"సింహాద్రిపురం పక్కన, సార్."

"అంటే ఎర్రమిట్టకు దగ్గరనా?"

"దగ్గరే. మా చేను గట్టెక్కితే అగుపిస్తాది."

శెట్టి కళ్లు మెరిశాయి. ఎర్రమిట్ట పెద్దాయనకూ, జమ్మలమడుగు పక్క గుండ్లమడక పెద్దాయనకూ తండ్రుల నాటి పగ. ఇద్దరూ ఎన్నికకొక పార్టీ మారారు. జెండాల రంగులు మారాయి గానీ రెండూర్లలోనూ ఏటా శవాలు లేస్తూనే ఉన్నాయి. అందుకే ఎర్రమిట్ట పేరు వింటేనే జనం గొంతు తగ్గించేవాళ్లు. ఆ పేరు పలికాక తూటాలున్నాయా, తుపాకి పేలుతుందా అని శెట్టి అడగనే లేదు.

"రేపట్నుంచి వచ్చెయ్" అన్నాడు.

ఆ మర్నాటి నుంచే కథ మొదలెట్టాడు. గొలుసు తూకం వేస్తూ వేస్తూ గడప వైపు కన్ను గీటి చెప్పేవాడు: "మా జ్ఞానప్రకాశం ఎర్రమిట్ట పెద్దాయన మనిషప్పా. నోరు తెరవడు. ఆయప్ప చేతులే మాట్లాడతాయి."

మొదటిసారి విన్నప్పుడు జ్ఞానప్రకాశానికి నవ్వొచ్చింది. ఎర్రమిట్ట పెద్దాయన్ని అతను జీపులో పోతుండగా చూశాడు, అంతే. సాయంత్రం శెట్టికి చెప్పి ఆ మాట మాన్పించాలనుకున్నాడు. ఈలోగా మధ్యాహ్నం టీ అంగడికి పోయాడు. బెంచీ మీద కూర్చున్న నలుగురూ దిగ్గున లేచారు.

"కూర్చో మామా, కూర్చో."

పుట్టిన ఊర్లో పెద్దోళ్ల అరుగు మీద ఎన్నడూ కూర్చోని మనిషి అతను. అక్కడ అతని తండ్రి పాలయ్య చెప్పులు చంకలో పెట్టుకుని నడిచాడు. మిషన్ బడి చదువూ, పటాలం బట్టలూ కూడా తెచ్చిపెట్టని మర్యాద ఒక్క అబద్ధం తెచ్చిపెట్టింది. కూర్చున్నాడు. ఆ సాయంత్రం శెట్టికి ఏమీ చెప్పలేదు.

ఇంట్లో భార్య రూతమ్మ మాత్రం ఊరుకోలేదు. "ఏందయ్యా ఇది? చపాతీలు కాల్చినోడివి, తలకాయలు నరికినోడని చెప్పుకుంటాంటే యినుకుంటా నిలబడతావా?"

"నేను చెప్తాండానా? శెట్టి చెప్తాండాడు."

"నువ్వు కాదంటాండావా?"



పెండ్లిళ్ల కాలంలో ఒకరోజు గుండ్లమడక రైతులిద్దరు హారం చూడడానికి వచ్చారు. వాళ్ల ఊరేదో తెలియక శెట్టి పాత పాటే పాడాడు. ఇద్దరూ హారం కింద పెట్టి లేచారు. వాళ్లలో పెద్దవాడు గడప దగ్గర ఆగి జ్ఞానప్రకాశాన్ని ముఖంలో ముఖం పెట్టి చూశాడు.

"నిజమేనా?" అన్నాడు.

కాదు అంటే సరిపోయేది. టీ అంగడి నలుగురూ ఎదుటి పక్క నుంచి చూస్తున్నారు. జ్ఞానప్రకాశం కుడి చెయ్యి దానంతటదే లేచి మీసం మీదికి పోయింది. మా సీమలో దానికి అర్థం చెప్పాల్సిన పని లేదు. రైతు తల ఊపి వెళ్లిపోయాడు.

"బేరం పోతే పోయిందిలే, భయం చూసినావా!" అని శెట్టి మురిసిపోయాడు. జ్ఞానప్రకాశం మాత్రం వాళ్లు గుండ్లమడక బస్సెక్కేదాకా చూస్తూ నిలబడ్డాడు. అతని చెల్లెలు ప్రేమమ్మ కాపురం ఉండేది గుండ్లమడకలోనే.

ఆ వేసవిలో ప్రేమమ్మ కూతురు మేరీకి పెండ్లి కుదిరింది. తండ్రి లేని పిల్ల. పెండ్లికూతుర్ని చర్చి గడప నుంచి పాస్టరు ముందు దాకా చెయ్యి పట్టుకుని నడిపించేది వాళ్లలో మేనమామే. మేరీ చిన్నప్పుడే అడిగి పెట్టుకుంది: "మామా, ఆ రోజు పటాలం బట్టలేసుకోని రావాల నువ్వు." జ్ఞానప్రకాశం శిలువ గుర్తుతో తాళిబొట్టు తన అంగట్లోనే చేయించాడు. చెల్లెలు వచ్చి చూసి తీసుకుంటుందని, ఆమె రావలసిన రోజు పొద్దుటి నుంచీ ఎదురుచూశాడు.

ప్రేమమ్మ వచ్చింది. వచ్చి, రోడ్డుకు అవతలే ఆగిపోయింది. తల మీది కొంగు ముఖం మీదికి లాక్కుని నిలబడింది. ఆమెతో వచ్చిన పక్కింటి జైబున్నీసా ఒక్కతే రోడ్డు దాటింది.

"అన్నా, ఆయమ్మ రాదు."

"ఏం? అన్న అంగట్లోకి వచ్చేదానికి ఏమొచ్చె?"

"ఇది ఎర్రమిట్టోళ్ల అంగడంటాండారు మా ఊర్లో. ఈ గడప తొక్కితే ఆయమ్మను ఊర్లో ఉండనిస్తారా?" జైబున్నీసా గొంతు తగ్గించింది. "పెండ్లికి కూడా నువ్వు రాగాకంట, అన్నా."

"నేను వంటోణ్ని జైబున్నీసా! నీకు తెల్దా?"

"నాకు తెలుసు, ఆయమ్మకు తెలుసు. ఆ రైతు అడిగినప్పుడు నువ్వు మీసం మీద చెయ్యేస్తివంట గదన్నా. ఇంగ మేం ఏం చెప్పాల?"

తలెత్తేసరికి ప్రేమమ్మ అక్కడ లేదు.

అప్పుడు మొదలెట్టాడు నిజం చెప్పడం. అంగడికొచ్చిన వాళ్లకూ, టీ అంగట్లో వాళ్లకూ పిలిచి మరీ చెప్పాడు. వాళ్లు పడీపడీ నవ్వారు. "నిజంగా చేసినోడు చేసినా అని చెప్తాడా మామా?" అని ఇంకొంచెం దూరం జరిగారు. పటాలం వంటోడినన్నది పెద్ద తెలివైన మాటగా బజారంతా తిరిగింది.

పెండ్లి రోజు పొద్దున తుపాకి బీరువాలో పెట్టి తాళం రూతమ్మ చేతికిచ్చాడు. అద్దం ముందు నిలబడి మీసం గీసేశాడు. పటాలం బట్టలు వద్దనుకుని, మామూలు పంచె కట్టి, తాళిబొట్టు జేబులో పెట్టుకుని గుండ్లమడక బస్సెక్కాడు.

బస్సు దిగీ దిగగానే ఒక కుర్రోడు గుర్తుపట్టాడు.

"ఎర్రమిట్టోడ్రా! మీసం తీసి వేషం మార్చుకోని వచ్చినాడు సూడు!"

ఒకడు పెద్దాయన ఇంటి వైపు పరుగెత్తాడు. బస్టాపు పక్కనే సైకిల్ అంగడి నడిపే జైబున్నీసా భర్త హబీబుల్లా జ్ఞానప్రకాశాన్ని రెక్క పట్టుకుని లోపలికి లాగి, తలుపు వేసి, ప్రేమమ్మకు కబురంపాడు. ఆమె పెండ్లి పనుల్లోంచి తడి చేతులతోనే వచ్చింది. అన్న ముఖం చూసి క్షణం గుర్తుపట్టలేకపోయింది.

"ఏంది అన్నా ఇది? ఈ మొగమేంది?"

"చర్చి ముందర నిలబడి చెప్తా ప్రేమా. అందరికీ చెప్తా, నేను ఎవురి మనిషీ కాదని."

"చెప్పి నువ్వు బస్సెక్కి పోతావు. నేను ఈడ బతకాల." ఏడవలేదు, అరవలేదు. చెయ్యి చాచింది. అతను బొట్టు ఆ చేతిలో పెట్టాడు.

"పిల్ల చెయ్యి ఎవురు పట్టుకుంటారు మరి?"

ప్రేమమ్మ తల తిప్పి హబీబుల్లాను చూసింది. అతను నేల చూశాడు.

తిరిగిపోయే బస్సు ఎక్కేదాకా హబీబుల్లా పక్కనే నిలబడ్డాడు. బస్సు చర్చి ముందు నుంచే పోయింది. జ్ఞానప్రకాశం కిటికీ దగ్గర కూర్చుని కూడా తల దించుకున్నాడు. తనను చూస్తే పెండ్లి ఆగిపోతుందేమోనని భయం.

శెట్టి మర్నాడు లబోదిబోమన్నాడు. "మీసమేదప్పా? పెంచు, పెంచు. ముందర శానా వ్యాపారముంది." పెంచక్కర్లేదు, అదే పెరిగింది.

కొన్నాళ్లకు హబీబుల్లా సైకిల్ సామాన్లు కొనడానికి ప్రొద్దుటూరు వచ్చి టీ అంగడి దగ్గర కలిశాడు. నలుగురూ మామూలుగానే బెంచీ ఖాళీ చేశారు. జ్ఞానప్రకాశం కూర్చోలేదు. కుడి చేత తుపాకి పట్టుకుని నిలబడే టీ తాగాడు.

"బాగా జరిగిందా?"

"బాగనే జరిగిందన్నా. నాకేం తెలుసు మీ పద్ధతి, గబగబా నడిచినా. 'మెల్లగా మామా' అనింది పిల్ల." ఆ మాట అన్నందుకు హబీబుల్లాయే నొచ్చుకున్నాడు.

జ్ఞానప్రకాశం గ్లాసు కింద పెట్టాడు.

"యా చెయ్యి పట్టుకొన్యావు?"

"కుడి చెయ్యి."

అవతల నుంచి శెట్టి పిలుస్తున్నాడు, ఎవరో పెద్ద బేరగాళ్లు కారు దిగారు. జ్ఞానప్రకాశం రోడ్డు దాటి, గడప పక్క తన చోట నిలబడి, తుపాకిని ఎడమ చేతికి మార్చుకుని కుడి చెయ్యి ఖాళీగా ఉంచుకున్నాడు.