శాంతవ్వ అడిగే అంకె

మా శాంతవ్వ పెద్దమ్మ ఎదురైన మనిషిని "బాగున్నవా?" అని ఎన్నడూ అడగదు. "నీ టీఎస్‌హెచ్ ఎంత?" అంటుంది. చదువు రాదు, ఆర్మూర్‌లో పసుపు గోదాములో కొమ్ములు ఏరుతుంది. అయినా ఈ ఇంగ్లీషు అక్షరాలు మాత్రం నోటినిండా పలుకుతుంది.

బస్సు కండక్టర్‌నూ వదలదు.

"ఆలూర్‌కు ఒకటియ్యి. నీ టీఎస్‌హెచ్ ఎంత?"

"గదేంది అవ్వా? నాకు బీపీ ఉన్నది."

"నీ బీపీ ఎవలడిగిండ్రు? థైరాయిడ్‌కు రక్తమియ్యి నాయినా, జల్దీ."

ఈ పిచ్చికి మూలం నేనే. నా పేరు కరుణశ్రీ. మాది మోర్తాడ్. అదే గోదాములో కంప్యూటర్ పని దొరికితే పెద్దమ్మ ఇంట్లో దిగాను. పోయినేడు నాలుగు నెలలు నెలసరి రాలేదు. గడ్డం మీద వెంట్రుకలు మొలిచాయి, తలమీదవి దువ్వెనకు వచ్చాయి. అండాశయాల జబ్బు, పీసీఓఎస్ అన్నారు. దానికి తోడు థైరాయిడ్, టీఎస్‌హెచ్ పదకొండు. ఏడవడానికి ఒక్క జబ్బు చాలదన్నట్టు రెండు దొరికాయి.

"నాకూ థైరాయిడ్ ఉన్నది బిడ్డా," అని పెద్దమ్మ ప్రతిసారీ నాతోపాటు చెయ్యి చాపి రక్తమిచ్చేది.

మాత్రలు మొదలుపెట్టిన ఆరు వారాలకు నా అంకె ఆరు పాయింట్ ఎనిమిదికి వచ్చింది. పెద్దమ్మ ఉన్నచోటే కూలబడింది. ధర పడితే గుండెలు బాదుకునే మనుషుల మధ్య ముప్పై ఏళ్లు బతికింది మరి.

"పదకొండు ఉండె! ఆరుకు పడ్డదా? పాడు మాత్రలు!"

గోదామంతా పరామర్శకు వచ్చింది. హమాలీ లచ్చన్న మూట దించి, "ఫికర్ జేయకు చెల్లె, సీజన్ల మల్ల లేస్తది," అని ధైర్యం చెప్పాడు.

నవ్వాల్సిన మాటే, నాకు నవ్వు రాలేదు. అంకె ఎటు పోతేనేం, నెలసరి రాలేదు, ఒళ్లు తగ్గలేదు. ఇక ఈ జన్మకింతే అనిపించి మాత్రలు మానేశాను. పని నుంచి రావడం, గోడవైపు తిరిగి పడుకోవడం. పది రోజులు అలాగే గడిచాయి. పదకొండో రోజు మాత్రల సీసా తగ్గలేదని పెద్దమ్మ కనిపెట్టింది. తిట్టలేదు. చెయ్యి పట్టుకుని దవాఖానకు లాక్కుపోయింది.

డాక్టరమ్మ రిపోర్టు చూసి, "తగ్గుడే మంచిది శాంతవ్వా," అంది. "గొంతుల గ్రంథి సరిగ్గ పనిచేయకుంటె మెదడు దాన్ని అదిలిస్తది. గా అదిలింపే టీఎస్‌హెచ్."

"మా మేస్త్రీ లెక్కనా?"

"అవ్. పని నడుస్తుంటె మేస్త్రీ ఎందుకు మొత్తుకుంటడు? మాత్ర పనిచేస్తున్నది, గందుకే అంకె దిగింది. ఇంక జర దిగాలె." ఆమె నావైపు తిరిగింది. "పీసీఓఎస్ సంగతి వేరే. థైరాయిడ్ అంకె దిగంగనే నెలసరి వస్తదని లేదు. దాని మందు, తిండి, నడక దానివే. రెండింటినీ చూసుకోవాలె. నడుమల ఇడిచిపెడితె మల్ల మొదటికొస్తది."

పెద్దమ్మ ఊరుకుంటుందా? "మరి నీ టీఎస్‌హెచ్ ఎంత డాక్టరమ్మా?"

"నాది మంచిగనే ఉన్నది. నీది గూడ రెండుసార్లూ రెండున్నరే. ఏ జబ్బూ లేకుండ మల్ల మల్ల రక్తం ఎందుకిస్తున్నవ్?"

పెద్దమ్మ నేల చూపులు చూసింది.

"పెండ్లి గాని పిల్లకు గీ పరీక్షలేందని నాతోని కొమ్ములేరే కనకవ్వ అడిగింది. ఇది రెండు దినాలు బువ్వ ముట్టలే. గందుకే నేను గూడ రక్తమిచ్చిన, అందర్ని అడుగవట్టిన. అందరి నోట్ల గదే ముచ్చట ఉంటె, దీన్నొక్కదాన్నే ఎవలు చూస్తరు?"

నాకు సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. కానీ అప్పటికే పెద్దమ్మ వరండాలోకి వెళ్లి ఎవరినో పట్టుకుంది. ఆమెను విడిపించి ఇంటికి తేవడంలో ఏడవడానికి తీరిక దొరకలేదు.

మాత్రలు మళ్లీ మొదలుపెట్టాను. మూడు నెలలు పోయాక కొత్త రిపోర్టు వచ్చిన రోజు, గోదాములో కొమ్ములు ఏరేవాళ్లంతా సద్దులు విప్పుకున్నప్పుడు, ఎవరూ అడగకముందే చెప్పేశాను.

"నాది మూడున్నర. పీసీఓఎస్ గూడ ఉన్నది."

కనకవ్వ లేచింది. పసుపు చేతులు చీరకు తుడుచుకుని, జాకెట్‌లోంచి నాలుగు మడతల దవాఖాన కాగితం తీసి నా ముందు పెట్టింది.

"జర సదువు బిడ్డా."

నేను గొంతు తగ్గించి మొదలుపెట్టాను.

"గట్ల గాదు," అంది కనకవ్వ. "గట్టిగనే సదువు."