కెటిల్ కోసం పీకిన వైరు

నాలుగేళ్లుగా ఒక బల్లిని మోస్తున్నాను. నవ్వొస్తే నవ్వండి, ఏమీ అనుకోను. అరచేతిలో సగం కూడా ఉండదది. అయినా దాని బరువు నా మెడ మీంచి దిగడం లేదు. ఈ సంగతి మా ఆయనకి తెలియదు, మా అమ్మాయికి తెలియదు, తెలియాల్సిన మనిషికి అసలే తెలియదు. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీకు చెబుతున్నాను.

మా ఆయన సినిమాలు తీస్తారు. ఇల్లు జూబ్లీహిల్స్‌లో, ఆఫీసు ఫిల్మ్‌నగర్‌లో. కథలు వినడం మాత్రం ఇంట్లోనే, మా హాల్లోనే. ఆఫీసులో విన్న కథ ఏదీ ఆడలేదని ఆయన నమ్మకం. కథ మధ్యలో ఎవరూ లేవకూడదని ఇంకో నమ్మకం. అన్నీ చెబుతూ కూర్చుంటే మీకే విసుగొస్తుంది, నాకు ఎప్పుడో వచ్చేసింది.

ఆ హాల్లోనే, ఓ మూల, మా అమ్మాయి బల్లుల గాజుపెట్టె. చదువు మధ్యలో ఆపేసి, గదిలోంచి బయటికి రాకుండా కూర్చున్న పిల్ల, ఎవరో స్నేహితురాలి ఇంట్లో చూసొచ్చి అవి కావాలంది. నోరు తెరిచి ఏదో ఒకటి అడిగింది, అదే చాలనుకున్నాం. తీరా వచ్చాక చూస్తే ఏముంది? మన గోడల మీద ఊరికే తిరిగే బల్లులే! కాదట. ఎక్కడో దీవుల్లో ఉండే జాతి అట. అన్నీ ఆడవేనట, మగతోడు లేకుండానే గుడ్లు పెడతాయట. నాకు కనిపించిన తేడా ఒక్కటే, వీపు మీద వంకర టింకర గీతలు. మామూలు బల్లికి చీపురు దెబ్బ. వీటికి పళ్ల గుజ్జు, ప్రత్యేకంగా ఒక దీపం, రెండు పూటలా నీటి తుంపర్లు.

ఆ నీళ్లు ఎవరు చల్లాలి? నేనే. తప్పించుకుంటే ఎవరు వెతకాలి? అదీ నేనే. పిల్లబల్లికి బియ్యపు గింజంత సందు చాలు, మనం ఇటు తిరిగేలోగా మాయమైపోతుంది. తలుపు అంచులకి ఫోమ్ పట్టీ అంటించాను. పైన జాలీకి క్లిప్పులు బిగించాను. దీపం వైరు లోపలికి వెళ్లే కన్నంలో గిన్నెలు తోమే స్పాంజి ముక్క కుక్కాను. అయినా ఒకటి పూజగదిలో తేలింది. మా ఆయన ఇల్లు పీకి పందిరేశారు. ఇంకోసారి బయట కనిపిస్తే పెట్టెతో సహా అవతల పారేస్తానన్నారు. ఇక ఈ జన్మలో బయటికి రావు, నాదే పూచీ అన్నాను. గొప్పగా అన్నాను. ఆ మాటే కొంప ముంచింది. మునిగింది నా కొంపయినా బాగుండేది.

మునిగింది ఒక రచయితది. పేరెందుకు లెండి. వెంగళరావు నగర్‌లో చిన్న గదిలో ఉండేవాడు. మా ఆఫీసు చుట్టూ ఏళ్ల తరబడి తిరిగి తిరిగి, చివరికి కథ చెప్పడానికి మా హాలు దాకా వచ్చాడు. అది అతని మొదటి అవకాశం.

మా ఆయనకి కథ వింటున్నంతసేపూ కాఫీ కావాలి. వంటింట్లోకీ హాల్లోకీ తిరిగితే కథ చెడుతుందంటారు. కాబట్టి కెటిల్ హాల్లోనే పెట్టాలి. ఉన్న ఒక్క ప్లగ్గులో బల్లుల దీపం. చిరాకొచ్చింది. బల్లులకి దీపమట, మనుషులకి కాఫీ లేదట! వైరు పట్టుకుని ఒక్క గుంజు గుంజాను. వైరుతో పాటు కన్నంలోని స్పాంజి ఊడొచ్చింది. నేను చూశాను. ఇదిగో, చెప్పలేకపోయింది ఇదే. చూశాను. కాఫీ అయ్యాక పెడదాంలే అనుకున్నాను.

కథ మొదలైంది. ఒక బస్సు కండక్టరమ్మ కథ. నేను భోజనాల బల్ల దగ్గర కూర్చుని విన్నాను. అన్యాయంగా ఉద్యోగం పోగొట్టుకున్న ఆ మనిషి, చివరి ట్రిప్పు బస్సు దిగి, మంత్రి కారుకి అడ్డంగా నిలబడుతుంది. చేతిలో టిక్కెట్ల మిషన్ తప్ప ఏమీ లేదు. నాకు ఒళ్లు జలదరించింది. "ఇంటర్వెల్" అన్నాడతను. మా ఆయన మొహం వెలిగిపోయింది. అప్పుడే, సీలింగు మీంచి, బల్లి ఆయన నడినెత్తిన పడింది.

"పంచాంగం తీసుకురా" అన్నారు. తెచ్చింది నేనే. బల్లి పడితే ఫలితాలు చెప్పే పేజీ తీసిచ్చిందీ నేనే. తల మీద పడితే మరణభయమని ఆయనే పైకి చదివారు. ఆయన దాన్ని మామూలు గోడబల్లే అనుకున్నారు, కానీ అది గోడెక్కి కూర్చుంది, వీపు మీద వంకర గీతలతో. ఏవండీ, అది మన బల్లే, కన్నం మూయనిది నేనే అంటే ఏమయ్యేది? నన్ను నాలుగు తిట్టి, పకపకా నవ్వి, సెకండాఫ్ చెప్పవయ్యా అనేవారు. శాస్త్రం రాసిన మహానుభావులు కొనుక్కున్న బల్లి గురించి రాశారా ఏమన్నా? నేను నోరు విప్పలేదు. ఆయన ఈ కథ వద్దని తలస్నానానికి లేచారు. నేను రచయితకి అదే కెటిల్‌లోంచి కాఫీ పోసిచ్చాను. అతను వెళ్లాక, ఒక గాజు గ్లాసు, ఒక పెళ్లి శుభలేఖ అడ్డం పెట్టి దాన్ని పట్టి, పెట్టెలో వేసి, స్పాంజి కుక్కేశాను.

అమ్మాయి కోసం దాచానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. బల్లుల్ని పారేస్తే పిల్ల మళ్లీ గదిలోకి పోతుందని. అబద్ధం. అంత భయమే ఉంటే స్పాంజి అప్పుడే పెట్టేదాన్ని కదా? ఇదేనా నీ పూచీ అని ఆయన ఒక్క మాట అంటారని, అదీ బయటివాడి ముందు అంటారని నోరు మూసుకున్నాను. ఆ ఒక్క మాట పడలేక నా తప్పుని ఒక మనిషి బతుకు మీదికి తోసేశాను.

ఈమధ్య బంజారాహిల్స్‌లో కళ్లజోడు షాపులో ఆ రచయిత కనిపించాడు. జుట్టు నెరిసింది. నేను మొహం తిప్పుకునేలోపు అతనే పలకరించాడు.

"బాగున్నరా మేడం? గుర్తువట్టిండ్రా?"

"బాగున్నాను. కథలు రాస్తున్నావా?"

"ఏడ రాసుడు మేడం! ఫ్లాట్లు అమ్ముతున్న. ఆ దినం బల్లి వడ్డదని ఫిల్మ్‌నగర్ల అందరికీ ఎరుకైంది. మల్ల ఎవ్వరూ కథ ఇనలే. నాగ్గూడ గట్లనే అనిపించింది, నా చేతులనే ఏదో దోషమున్నదని. పెన్ను ముట్టుడే బంద్ వెట్టిన."

"కాదు" అన్నాను.

"ఏంది మేడం కాదు?"

చెప్పాల్సింది అప్పుడే. గొంతు దాకా వచ్చింది. వచ్చి, "ఆ కండక్టరమ్మ తర్వాత ఏం చేస్తుంది? సెకండాఫ్ ఏంటి?" అని బయటపడింది. ఇంత పిరికిదాన్నా నేను?

అతను కాసేపు ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు. "యాదికి లేదు మేడం" అని నవ్వాడు.

ఇంటికొచ్చి నీళ్లు చల్లాను. అమ్మాయి ఇప్పుడు కాలేజీకి వెళ్తోంది, బల్లులు ఇంకా ఎక్కువయ్యాయి. ఆ రోజు నుంచి ఒక్కటీ బయటికి రాలేదు. రోజూ ఆ స్పాంజిని బొటనవేలితో నొక్కి మరీ చూస్తున్నాను, ఇప్పుడు చూసి ఎవరిని ఉద్ధరించాలి?

మా ఆయన నెత్తిన పడింది మా బల్లి. అది వచ్చిన కన్నం నేను వదిలేసింది. అతని చేతిలో ఏ దోషమూ లేదు, ఇంటర్వెల్ దాకా విన్నదాన్ని, నాకు తెలుసు. ఇది అతనికి చెప్పాలి కదా అంటారు మీరు. చెప్పాలి. చెబుతానని పూచీ మాత్రం ఇవ్వలేను, నా పూచీ సంగతి చూశారుగా. రాసేసరికి మెడ కాస్త తేలికైంది, అంతే. ఆ కండక్టరమ్మ మాత్రం ఇంకా ఆ కారు ముందే నిలబడి ఉంది, టిక్కెట్ల మిషన్ పట్టుకుని.