గుడి దాకా వెళ్లిన బూట్లు

మా అక్క మొగుడు ఓడ కళాసీ. సూయజ్ కాలువ మళ్లీ తెరిచిన కొత్తలో తోటి కళాసీలతో ఈజిప్టులో పాతకాలపు గుడికి వెళ్లొచ్చి, ఆ గొప్పతో కంచరపాలెంలో మమ్మల్ని ఏళ్ల తరబడి చంపుకుతిన్నాడు. సింహాచలం ప్రసాదం చేతిలో పెట్టినా, "ఈజిప్టు గుడి ముందర ఇదేటి బావా!" అని పెదవి విరిచేవాడు. వేల ఏళ్లయినా గోడల మీద రంగులు వెలిసిపోలేదట. లోపల చీమ చిటుక్కుమన్నా వినబడుతుందట.

ఒకరోజు ఒళ్లుమండి అడిగాను. "లోపల దేముడెలాగున్నాడు బావా?"

"నాను లోపలికెల్తే గదా! అప్పుడీ బూట్లు కొత్తయి. గుడి కదా, ఇప్పాల. ఇప్పితే ఎవుడో ఎత్తుకుపోడా? గుమ్మంకాడే కూకున్నాను."

"మరి మిగతావోల్లు?"

"ఆళ్లకి బత్తేదీ? బూట్లతోనే లోపలికెల్లిపోనారు," అని ఈసడించి, కాళ్లకున్న ఆ పాత బూట్లనే ప్రేమగా తుడుచుకున్నాడు.