పుట్టీ నిలవని తలుపు

కుట్టుపిన్నికి కోపం ముక్కు మీదే ఉంటుంది. చొక్కా చెప్పినరోజుకంటే ముందు కావాలన్నవాడికి కొలతలతో పాటు నాలుగు చీవాట్లూ పెట్టి పంపుతుంది. వీధిలో ఆమెతో నోరు పెట్టుకునేవాడు లేడు. అంత నోరున్న మనిషీ ఒక్క విషయంలో మాత్రం యాభై ఏళ్ళుగా నోరు మెదపలేదు.

అది వీధి తలుపు సంగతి. అంతర్యుద్ధంలో ఈ వీధిలో పోరు జరిగిన రోజు దానికి మూడు తూటాలు తగిలాయి. అదే ఇంట్లో ఉండే ఆమె అన్నయ్య, ఏటా రంగు వేయిస్తూ ఆ బెజ్జాల్లో పుట్టీ కూరిస్తాడు. అది ఆరీ ఆరకముందే పిన్ని కత్తెర మొనతో పెకలించి పారేస్తుంది. ఎందుకంటే మాత్రం చెప్పదు. అమ్మ పోతూ పోతూ ఒట్టు వేయించుకుంది మరి: "ఒకతి ఎలాగూ పోయింది. ఉన్నవాణ్ణి బజారుకీడ్చకే."

ఆ పోరు చరిత్ర రాస్తున్న మాస్టారు వచ్చారు. సైన్యం నివేదికలు, పాత పత్రికలు, ఫొటోలు అన్నీ చూశారట. ఇక కళ్ళారా చూసినవాళ్ళ మాట కావాలట. రికార్డరు బల్ల మీద పెట్టగానే, ఇస్త్రీ చొక్కాలో ఉన్న అన్నయ్య గొంతు సవరించుకున్నాడు.

"సైనికులు సందు తిరగ్గానే నేను బయటికి ఉరికానండీ. పెద్ద చెల్లిని లోపలికి లాగబోయాను. ఆ తూటాలు నా మీద పేల్చినవే. అందిన చెయ్యి జారిపోయింది."

మూలనున్న పిన్ని కుట్టుమిషను ఆగింది. హవ్వ, ఎంత మాట! ఇన్నాళ్ళూ చుట్టాల ముందు కోసిన కోతలు పోనీలే అనుకుంది. ఇప్పుడిది పుస్తకంలోకి ఎక్కుతుంది. అక్క ఎలా చచ్చిపోయిందో ఇక ఎవరికీ తెలియదు. పిన్నికి ఒళ్ళు మండిపోయింది. అమ్మకు వేసిన ఒట్టు గుర్తొచ్చింది. అయినా లేచి వచ్చింది.

"మాస్టారూ, ఆ బెజ్జాలు మోకాలెత్తున ఉన్నాయి చూశారా? అక్క నీళ్ళకెళ్ళి పరిగెత్తుకొచ్చింది. గుమ్మంలో చతికిలబడి తలుపు బాదింది. 'అన్నయ్యా, నేనే, తియ్యి' అని ఏడ్చింది. లోపల గడియ పెట్టింది ఈ పెద్దమనిషే. తియ్యబోతే నన్ను లాగి అవతల పడేశాడు."

"నోర్ముయ్యవే! మాస్టారూ, అది ఆపండి!"

"ఆపారంటే ఊరుకోను!"

మాస్టారు రికార్డరు మీదికి చాచిన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. అన్నయ్య తల దించుకున్నాడు.

"నాకప్పుడు పదిహేడేళ్ళే కదే..."

"దానికి పద్నాలుగురా," అంది పిన్ని. అన్నయ్యను 'రా' అనడం ఆమెకు అదే మొదలు. "రాయండి మాస్టారూ, ఇద్దరి వయసులూ రాయండి."