ఒళ్లు వంచని ఆసామి

మా ఊరి ఆసామిని తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఒకటే మాట: "మీరు ఒళ్లు వంచరు రా!" కూలికి పోయేవాడు ఎవడు కనబడినా చేతికర్ర ఝళిపిస్తూ అదే అనేవాడు. ఆయన ఒళ్లు వంగగా చూసిన పాపాన మాత్రం మేమెవరమూ పోలేదు. చెప్పులు తొడగటానికి ఒకడు, విసనకర్రతో విసరటానికి ఇంకొకడు ఉండాల్సిందే.

యుద్ధం రోజుల్లో మాచర్ల స్టేషనుకి వ్యాగన్లు రాక మా నాపరాళ్ల క్వారీ మూతపడింది. రాళ్లు కొట్టే మాకు కూలి పోయింది. మేము కొనకపోయేసరికి చిల్లర కొట్టు కూడా మూసేశారు. చెప్పులు కుట్టే మామ ఊరికే కూర్చున్నాడు. మండుటెండలు కాబట్టి చేలల్లోనూ పనుల్లేవు. చివరికి అందరం కలిసి ఆసామి అరుగు దగ్గరికి వెళ్లాం.

"అయ్యా, చేలో రాళ్లన్నా ఏరతాం. ఏదో ఒక పని చెప్పండి," అని మా పెదనాన్న అడిగాడు.

"ఇప్పుడు పని యాడుందిరా? వానలు పడ్డాక రండి," అన్నాడు ఆసామి.

మేము రెండడుగులు వేశామో లేదో, "సోమరి వెధవలు! ఒళ్లు వంచరు," అంటూ కర్ర ఝళిపించాడు. అది చెయ్యి జారి మెట్ల కింద పడింది.

ఆయన వంగలేదు. మా వైపు చెయ్యి చాపాడు. "ఏందిరా చూస్తారు? తియ్యండి!"

మా పెదనాన్న ఆగి, తలగుడ్డ సర్దుకున్నాడు.

"వానలు పడ్డాక వచ్చి తీస్తాం లెండయ్యా."

సందు చివర వెనక్కి తిరిగి చూశాను. చాపిన చెయ్యి చాపినట్టే ఉంది. కర్ర కిందే ఉంది.