అవ్వ గీసిన నీడ గీత

ఈ పొద్దు డోన్ పార్కులో నేను చెక్కిన నీడ గడియారాన్ని జనానికి చూపే ముందు నీళ్లు పోసి కడిగినాం. తడిసిన బండ వాసన గుప్పుమనింది. బేతంచెర్ల బండలు పరిచిన ఇండ్లల్లో పెరిగినోళ్లారా, ఆ వాసన గుర్తుండాదా?

మా ఇంట్లో గడియారం లేదు. వాకిట్లో గుంజ నీడ, బండ మీది బొగ్గుగీతను తాకితే నాయనకు క్యారియర్ కట్టే యాళ అయినట్టు. గనికి ఎత్తుకపోయేది నేనే. నెలకోసారి అవ్వ ఆ గీత చెరిపి పక్కన గీసేది. ఎందుకీ చాకిరీ అనుకుని, అవ్వ పత్తికొండకు మేనత్త కాన్పుకు పోయినప్పుడు, నాయన ఉలితో గీతను బండలోనే చెక్కేసినా. ఇంక చెరగదని శానా మురిసిపోయినా!

రెండు నెలలకు, అవ్వ ఇంకా తిరిగి రాకముందే, ఆ గీతను నమ్ముకుని పోయేసరికి అన్నం యాళ దాటిపోయింది. నాయన వట్టి కడుపుతోనే మళ్లా సమ్మెట ఎత్తినాడు.

ఆ సాయంత్రం నా వీపు చిట్లుతుందనుకున్నా. నాయన గీత చూసి, ఉలి నా చేతికే ఇచ్చినాడు.

"సూర్యుడు ఏడాదంతా ఒకే దోవన పోతాడామ్మా? అవ్వ ఊరికే జరపలేదు. నెలకొకటి కొట్టు."

ఏడాది తిరిగేసరికి పన్నెండు గీతలు! భూమి ఒరిగి తిరుగుతుందని బడిలో చెప్పకముందే మా బండ చెప్పింది. తర్వాత ఎన్ని ఊళ్లల్లో గ్రహాలు, తోకచుక్కలు చెక్కి నిలబెట్టినా, నా మొదటి శిల్పం అదే.

ఈ పొద్దు పార్కులోనూ పన్నెండు గీతలే. నీడ ఈ నెల గీతను తాకింది. నాయన వంగి చూసినాడు, చేతి వాచీ చూసుకున్నాడు, పార్కంతా వినపడేలా అరిచినాడు:

"క్యారియర్ యాళయిందమ్మో, ఎత్తుకో!"