పూల గురించి మామ రాసిన జాబు

మామ పోయాడన్న మాట హోసూరు బస్టాండులో తెలిసింది. బస్సు మీద నుంచి పూల బుట్టలు దించుతున్నాను. మా ఊరి కండక్టరు వచ్చి, "ఒరే అప్పా, బుట్టలు ఆడనే పెట్టు. మీ మామ పోయినాడంట. తోటలోనే పడిపోయినాడంట," అన్నాడు. బుట్టలు అక్కడే వదిలేశాను. తిరుగు బస్సులో కూర్చున్నాక, మళ్ళీ ఒక్కసారైనా మునుపటిలా నవ్వకుండానే పోయాడే అని ఏడుపొచ్చింది.

బాగలూరు పక్కవాళ్ళలో చాలామందికి ఆయన తెలుసు. మా అమ్మ తమ్ముడు. కనకాంబరాల తోట ఉండేది. నేను అయిదో తరగతితో బడి మానేస్తే తోటపనిలో పెట్టుకుని, తెలుగు అక్షరాలు ఆయనే దిద్దించాడు. ఇప్పుడు రాస్తున్నది ఆ అక్షరాలతోనే.

ఆయనకు ఒక పిచ్చి. కంపెనీలకు ఉత్తుత్తి ఫిర్యాదులు రాయడం. అరవంలో రాసి పోస్టు చేసి, మాకు తెలుగులో చెప్పేవాడు. వానలు లేని ఒక ఏడాది గొడుగుల కంపెనీకి రాశాడు: "అయ్యా, మీ గొడుగు కొన్న దినం నుంచి మా ఊళ్ళో వాన లేదు. చెనక్కాయ పంట ఎండిపోతోంది. దయచేసి గొడుగు వెనక్కి తీసుకుని వాన పంపించండి." వానకు తాము బాధ్యులం కామని వాళ్ళు టైపు కొట్టి మరీ జవాబిచ్చారు. టార్చిలైటు వాళ్ళకు ఇంకొకటి: "వెలుగు చాలా దూరం పోతుందని ప్రకటన వేశారు. నేను బాగలూరులో వేశాను. బస్సులో మూడు గంటల దూరమున్న కల్లావిలో నిలబడిన మా బావమరిదికి ఏమీ కనిపించలేదు."

తన జాబు నకలు ఒక పక్క, వాళ్ళ జవాబు ఒక పక్క అంటించి, పూలు కట్టే దారంతో కుట్టి పుస్తకాలు చేసేవాడు. టీకొట్టులో, క్షౌరం షాపులో అవి చేతులు మారేవి.

"కోపంగా రాస్తే చించేస్తారప్పా. మర్యాదగా రాస్తే జవాబు రాయక తప్పదు వాళ్ళకి," అనేవాడు.

"తోటకి మందు కొట్టమంటే గొడుగులోళ్ళకి జాబు రాస్తా కూర్చున్నాడు సూడు," అని అత్త తిట్టేది. తిడుతూనే వినడానికి గడప మీదికి వచ్చేది.

హోసూరులో పెళ్ళిపత్రికలు వేసే ప్రెస్సాయన, అన్నీ కలిపి అచ్చు వేస్తానన్నాడు. మామకు పట్టరాని సంతోషం. ఆఖర్లో ఒక మంచి జాబు పడాలని సోపు కంపెనీకి రాశాడు.

"అయ్యా, మీ సోపు బాగుంది. కానీ అట్ట విప్పితే ఆడవాళ్ళు తలలో పెట్టుకునే పూలు వచ్చాయి. అవి ఎవరివని అడుగుతూ మా ఇంటామె అన్నం పెట్టడం లేదు. ఆ పూలామె ఎవరో నాకు తెలియదని, ముద్ర వేసి ఒక కాగితం పంపించ ప్రార్థన." రుజువు కోసం మా తోట పూలే, అత్త కట్టిన దండలోంచి ఒక ముక్క తుంచి కవరులో పెట్టాడు.

జవాబు వచ్చింది. దాంతోపాటు రెండు సోపులు. టీకొట్టులో అందరినీ కూర్చోబెట్టి పెద్ద గొంతుతో మొదలుపెట్టాడు. సగంలో ఆగిపోయాడు.

"చదువప్పా! ఏం, మీ ఇంటామెకి కాగితం పంపినారా లేదా?" అని టీకొట్టాయన ఎగతాళి చేశాడు.

మామ చిన్నగా చదివాడు. పూలు పెట్టుకుని ప్యాకింగుకు వచ్చిన పనిపిల్లను గుర్తించి పనిలోంచి తీసేశామనీ, తెలియజేసినందుకు కృతజ్ఞతలనీ ఉంది.

ఆ సోపు చేసేది ఎక్కడో కాదు, హోసూరు పక్కన కొత్తగా వచ్చిన ఫ్యాక్టరీలో. మర్నాడే నన్ను తోడు తీసుకుని వెళ్ళాడు. మేనేజరు ముందు చేతులు కట్టుకుని, "సార్, ఆ పూలు నావి. నేనే పెట్టినాను. తమాషాకి రాసినాను సార్," అన్నాడు.

మేనేజరు నవ్వాడు. "ఆ పిల్ల తరపోళ్ళు వచ్చి నీ కాళ్ళు పట్టుకున్నారా? నీది మంచి మనసప్పా. పో, పో."

ఊత్తంగరై పక్క పిల్ల అని మాత్రం తెలిసింది. ఆ పక్క సంతలన్నీ తిరిగాడు. పేరు తెలియని పిల్లను ఏమని అడుగుతాడు? నిజం రాసి కంపెనీకి జాబు మీద జాబు వేశాడు. గొడుగుకు, టార్చికి వచ్చిన జవాబులు దీనికి రాలేదు. ప్రెస్సాయన అడిగితే, "ఆ పిల్లకి పని దొరికినాక ఏద్దాంలే," అనేవాడు. పుస్తకం అచ్చు కాలేదు.

ఒకసారి పూలు కోస్తూ ఉన్నట్టుండి నాతో అన్నాడు: "కంపెనీ అనే మనిషి యాడా లేడప్పా. జాబు పోయి ఎవరో ఒకరి మీదనే పడుతుంది."

ఆ తర్వాత హోసూరుకు పూలు తానే వేసుకుపోయేవాడు. ఫ్యాక్టరీ గేటు దగ్గర దిగి, ఆ పిల్ల మళ్ళీ వచ్చిందేమోనని చూసి వచ్చేవాడు. వచ్చాక నేరుగా తోటలోకి పోయేవాడు. నడుము పట్టేశాక బుట్టలు నాకు అప్పజెప్పాడు. గేటు దగ్గర ఏం చూశాడో మాత్రం నాకు చెప్పలేదు.

కర్మాంతరం అయ్యాక నేనూ అక్కడ దిగాను. పొద్దున పనికెక్కే వేళ. ఆడవాళ్ళు గుంపుగా వస్తున్నారు. "పూలు తీసి పోండమ్మా, పూలు తీసి పోండి," అని వాచ్‌మన్ అరుస్తున్నాడు.

"ఎందుకన్నా?" అన్నాను.

"ఎవుడో జాబు రాసినాడంట. అప్పట్నుంచి ఇదే రూలు."

ఒక్కొక్కరే జడలోంచి పూలు తీసి కంచె తీగకు చుట్టి లోపలికి వెళుతున్నారు. గేటు మూశారు. ముళ్ళతీగ పొడుగునా కనకాంబరాలు, మల్లెలు, మరువం. ఎండ అప్పుడే వాటి మీద పడుతోంది.